చాయ్ గ్లాసు కొలత

సోమశిల రేవుల రెండు పడవలు దించిండ్రు,
గోవాల తిరిగి తిరిగి వొచ్చినయంట, సెకండ్ హ్యాండ్.
అమ్మవొచ్చిన పిలగాడు ప్రణవ్,
బూట్లకు బురద అంటకుండ
రాయి మీంచి రాయి మీదికి దుంకుతున్నడు.

"పడవకు కిలోమీటర్లు చూడరమ్మా, గంటలు చూస్తరు.
దీనివి మూడువందల నలభై."
మా కుర్మయ్య నవ్విండు.
పన్నెండేండ్లప్పుడు తెడ్డు పట్టిన మనిషి,
యాభై నాలుగు నిండినయి,
ఆయన గంటలు ఏ మీటర్ల చూడాలె?

మొదటిది ఎర్రది.
నడుమ మీద ఇనుప కమాను, కమానుకు నాలుగు పాటల డబ్బాలు.
తాడు అంత ఎత్తున ఎందుకంటె
పలక మీద నిలబడ్డోడు గాల్లకు లేవాలె గదా, అన్నడు.
సీట్ల కింద పెద్ద పెద్ద సంచులు.
వీటిల్ల ఏం పోస్తరు?
"నీళ్లు."
పడవలనా?
"ఏట్ల నుంచి మోటరే గుంజుకుంటది. బరువైతది, వెనక అల లేస్తది.
అల ఎంత లేస్తె రేటు అంత."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న.
చెంబు పట్టుకొని పుట్టిల పెరిగినదాన్ని నేను.
అయ్య వల గుంజేటోడు, నేను నీళ్లు తోడి పోసేదాన్ని,
వాన పడితె రెండు చేతుల రెండు చెంబులు.
నీళ్లను పిలిచి లోపల కూసోబెట్టుకునే పడవను
ఇన్నేండ్లకు చూస్తున్న.

రెండోది తెల్లది, ఎండకు వెలిసింది.
చినిగిన సీటును ఎవరో వలదారంతోనే కుట్టిండ్రు.
"ఇది స్కీయింగుదమ్మా. చాకు గీసినట్టు పోతది, అల రాదు.
ఇప్పటి పిల్లలు దీన్ని అడుగరు."
అల రాదన్నది
సగం గొంతుతోటి చెప్పిండు, తప్పు ఒప్పుకున్నట్టు.

కుర్మయ్య కండ్లు ఎర్రదాని మీదనే ఉన్నయి.
సంఘం అప్పు తొమ్మిది లక్షలు.
సంతకం నాది, ఏలిముద్రలు తొమ్మిదిమంది ఆడోళ్లవి.
అందుకే పరీక్ష గూడ నాదే.

పుట్టి తీస్కొని నడి ఏట్లకు పోయిన.
స్టీలు గ్లాసు నిండ చాయ్,
అంచుదాక పోసి, పుట్టి అడుగున పెట్టి,
చేతులు ముడుచుకొని కూసున్న.

ఎర్రది పోయింది. పాటలు ముందుగాల వొచ్చినయి.
అల తర్వాత వొచ్చింది, చప్పుడు లేకుంట,
అప్పు మీది వడ్డీ లెక్క.
గ్లాసు పోయింది, తెడ్డు పోయింది,
తొడ మీద చీర కాలింది.
వలకాడున్న జమ్ములమ్మ కొడుకు లేచి నిలబడి తిట్టిండు.
ఆ తిట్లల ఒక్కటి గూడ తప్పు లేదు.

మల్ల చాయ్ పోయించుకున్న.
తెల్లది నా పక్కనుంచే పోయింది.
చాయ్ అంచుదాక లేచింది, ఆలోచించింది,
ఒక్క చుక్క గ్లాసు బయట జారింది.
ఆ ఒక్క చుక్కకు నేను ఒప్పుకున్న.

ఇంకొకటి అడిగిన, ఇంజిను ఎక్కడుంటది?
ఎర్రదానికి పొట్టల. ఫ్యాను ఎత్తరాదు.
తెల్లదానికి తోకకు వేలాడుతది, పైకి లేపొచ్చు.
"ఇన్ని నీళ్లున్న కాడ ఎందుకమ్మా లేపుడు?"
చైత్రంల రా బాబూ, అన్న.

కుర్మయ్య ఇరవై రోజులు నాతోటి మాట్లాడలే.
పట్నం పిల్లలు ఇప్పటికీ అంటరు,
"అల చిన్నగుంది ఆంటీ."
నూరు తగ్గిస్త. కొందరు తీస్కుంటరు,
కొందరు పైసలు మొత్తం ఇచ్చి మొకం తిప్పుకుంటరు.
కిస్తీ రెండుసార్లు ఆలస్యమైంది, దాపెట్టను.

ఇయ్యాల నీళ్లు బాగ గుంజినయి.
కుర్మయ్య స్టీరింగు కాడ, నేను ముందల.
ఎడమకు. ఇంక కొంచెం ఎడమకు.
వేపచెట్టు మొద్దు దాటినంక
చెయ్యెత్తిన:
ఇంజిను లేపు.
కింద మా అవ్వ అరుగున్నది.

లేపిండు.